కవలలకు కొలెస్ట్రాల్ కూడా ఒకటేనా?

ఒడిశా సరిహద్దు పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఐదు ఒకే విషయాన్ని అడిగాయి. కవలల రక్తంలో కొవ్వులు ఎంతవరకు పుట్టుకతో వస్తాయి, ఎంతవరకు తిండి, పని, అలవాట్ల వల్ల వస్తాయి అన్నది ఆ విషయం. ఉత్తరాలను క్లుప్తం చేసి, కుటుంబాలను గుర్తుపట్టే వివరాలు తీసివేసి, సమాధానాలు ఇక్కడ ఒకేచోట ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేనూ మా తమ్ముడూ కవలలం. వయసు 47. మమ్మల్ని పక్కపక్కన నిలబెడితే దగ్గరి బంధువులే పోల్చుకోలేరు. నేను పర్లాకిమిడిలోనే బట్టల దుకాణం నడుపుకుంటున్నాను. తమ్ముడు చాలా ఏళ్ళుగా సూరత్‌లో మిల్లులో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. నాకంటే తొమ్మిది కిలోల బరువు ఎక్కువ. సెలవు రోజున మద్యం అలవాటు ఉంది. నా రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 214, ఎల్‌డీఎల్ 138, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 175. వాడివి వరుసగా 239, 141, 36, 310. వాడు డ్యూటీ దిగి, టీ బిస్కెట్లు తీసుకుని వెళ్ళి రక్తం ఇచ్చాడట. ఒకే రక్తం కదా, ఇంత తేడా ఏమిటి? ఏదో ఒక ల్యాబ్ తప్పు చేసినట్టేనా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: ల్యాబును అనుమానించే ముందు రెండు రిపోర్టులను వరుసవరుసగా పక్కన పెట్టుకుని చూడండి. మీ ఇద్దరి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 138, 141. ఒకే మనిషి రక్తాన్ని రెండు వేర్వేరు రోజుల్లో పరీక్షించినా వచ్చేంత తేడా అది, కాబట్టి ఆ అంకె విషయంలో మీరిద్దరూ ఒకటే అనుకోవచ్చు. మొత్తం కొలెస్ట్రాల్‌లో కనిపించే 25 మిల్లీగ్రాముల తేడా దాదాపుగా ట్రైగ్లిజరైడ్ల నుంచి వచ్చింది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసివేసి లెక్కకడతారు. మీ అంకెలతో ఈ లెక్క చేసి చూడండి, రెండు రిపోర్టులూ సరిపోతాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటినప్పుడు ఈ లెక్క నమ్మదగినది కాదు. మీ తమ్ముడు ఇంకా ఆ హద్దుకు చేరలేదు.

కనుక మీరు అడగవలసిన ప్రశ్న ట్రైగ్లిజరైడ్ల గురించి. రక్తంలోని కొవ్వులన్నిటిలో రోజురోజుకూ ఎక్కువగా మారేవి ఇవే. ఏ జబ్బూ లేని మనిషిలో కూడా వారం తేడాతో 20 శాతం అటూఇటూ కావడం మామూలు. వీటిని పెంచేవన్నీ మీ తమ్ముడి జీవితంలో ఒకేచోట చేరాయి: మద్యం, పొట్ట చుట్టూ చేరిన బరువు, నిద్ర వేళలు తలకిందులు కావడం, దానికి తోడు పరగడుపున కాకుండా చక్కెర టీ, బిస్కెట్లు తీసుకుని రక్తం ఇవ్వడం. ట్రైగ్లిజరైడ్లు పెరిగినప్పుడు మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ సాధారణంగా తగ్గుతుంది, అందుకే అది 36కు దిగింది. హెచ్‌డీఎల్ తక్కువగా ఉండడం మన దేశంలో ఎంత వ్యాపించి ఉందంటే, భారత వైద్య పరిశోధన మండలి మహారాష్ట్ర, తమిళనాడు, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపి 2014లో వెలువరించిన అధ్యయనంలో 72 శాతానికి పైగా మందికి అది తక్కువగానే కనిపించింది.

మీ ఇద్దరి పరిస్థితికి సరిగ్గా సరిపోయే అధ్యయనం ఒకటి స్వీడన్‌లో జరిగింది. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఆ పరిశోధనలో 52 నుంచి 86 ఏళ్ళ వయసున్న 302 జతల కవలల రక్తాన్ని పరీక్షించారు. వారిలో 146 జతలు చిన్ననాడే విడిపోయి వేర్వేరు ఇళ్ళలో పెరిగినవారు. అటువంటి కవలలు దొరకడం చాలా అరుదు. వారిలో సమరూప కవలలకు, అంటే ఒకే అండం నుంచి పుట్టినవారికి, జన్యువులు ఒకటిగానే ఉండి, ఇంటి తిండి, ఇంటి అలవాట్లు మాత్రం వేరుగా ఉంటాయి కాబట్టి, ఏది దేని వల్ల వచ్చిందో విడదీసి చూడడానికి వీలవుతుంది. అక్కడ తేలింది ఏమిటంటే, ప్రతి కొవ్వు విషయంలోనూ వారసత్వం వాటా గణనీయంగానే ఉంది. మొత్తం కొలెస్ట్రాల్ విషయంలో, తాము పెరిగిన ఇంటి ప్రభావం కూడా స్పష్టంగా కనిపించింది. ట్రైగ్లిజరైడ్ల వంటి మిగిలిన కొవ్వుల్లో మాత్రం ఒకే ఇంట పెరగడం పెద్దగా లెక్కకు రాలేదు. అక్కడ జన్యువులూ, ఒక్కొక్కరు తమకు తాముగా గడిపిన జీవితమూ ముఖ్యమని తేలింది. మీ ఇద్దరూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిని ఉండవచ్చు, కాని ఈనాటి ట్రైగ్లిజరైడ్లను నిర్ణయించడంలో ఆ కంచం కంటే సూరత్‌లోని రాత్రి షిఫ్టుకు బలం ఎక్కువ.

ఇంతటితో మీరు నిశ్చింతగా ఉండవచ్చని నేను చెప్పలేను. 1990లో కెనడాలోని క్యుబెక్‌లో 12 జతల సమరూప కవల యువకులకు, వారానికి ఆరు రోజుల చొప్పున 84 రోజులపాటు, వారి అవసరానికి మించి రోజుకు 1000 కేలరీల ఆహారం పెట్టారు. అందరూ తిన్నది ఒకటే అయినా ఒకరు 4 కిలోల పైచిలుకు పెరిగితే మరొకరు 13 కిలోలకు పైగా పెరిగారు. అయితే ఒక జతలోని ఇద్దరూ మాత్రం చాలావరకు ఒకేలా పెరిగారు. అంటే అధికంగా తిన్నప్పుడు శరీరం ఎలా స్పందించాలన్నది కూడా కొంతవరకు పుట్టుకతో వస్తుంది. మీ తమ్ముడి జీవితమే మీకూ ఎదురై ఉంటే మీ రిపోర్టు కూడా దాదాపు అలాగే ఉండేదని నా నమ్మకం. ఆయన రిపోర్టును మీరు మీ రిపోర్టుగానే చదువుకోవాలి.

ఇప్పుడు చేయవలసినది: మీ తమ్ముడు డ్యూటీ లేని రోజున, రాత్రి సరిగా నిద్రపోయి, 12 గంటలు పరగడుపున ఉండి, అంతకుముందు మూడు రోజులైనా మద్యం ముట్టకుండా మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. దానితో పాటు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, కాలేయ పరీక్షలు కూడా చేయించాలి, ఎందుకంటే దాగి ఉన్న మధుమేహం, మందకొడి థైరాయిడ్ కొవ్వులను పెంచే సాధారణ కారణాలు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం మొదలవుతుంది కాబట్టి అప్పుడు ఆలస్యం చేయకూడదు. మద్యం మానడం, టీలో చక్కెర తగ్గించడం, అన్నం పరిమాణం తగ్గించి పప్పు, కూరలు పెంచడం, రోజూ అరగంటకు తగ్గకుండా చురుకుగా నడవడం ఈ అంకెను కొన్ని వారాల్లోనే దించుతాయి. 138, 141 అన్న ఎల్‌డీఎల్ మాత్రం మీ ఇద్దరికీ ఉమ్మడి సమస్య. రక్తపోటు, పొగాకు, చక్కెర, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఇవన్నీ కలిపి మీ వైద్యుడు దాన్ని విడిగా తూచి చూడాలి.

ప్రశ్న: మా ఆయనకు 41వ ఏట గుండెపోటు వచ్చింది. అంతకుముందే ఆయన ఎల్‌డీఎల్ 238 ఉందట, మేము పట్టించుకోలేదు. సన్నగానే ఉంటారు, చెడు అలవాట్లు లేవు. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు, మాది మేనరికం. మాకు తొమ్మిదేళ్ళ కవల ఆడపిల్లలు. ఇద్దరికీ పోలికలు వేరు. ఈ వయసులో వాళ్ళకు రక్తపరీక్ష అవసరమా? ఒకరికి చేయిస్తే సరిపోతుందా?
— ఒక సోదరి, గుణుపురం

సమాధానం: అమ్మా, ఇద్దరికీ చేయించండి, ఈ నెలలోనే చేయించండి. మీరూ చేయించుకోండి, మీ అమ్మగారికీ చేయించండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ఎల్‌డీఎల్ 190 దాటి, బరువు, అలవాట్లు కారణంగా కనిపించనప్పుడు, చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినప్పుడు, వైద్యులు ముందుగా అనుమానించేది కుటుంబపరంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ జబ్బును. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయ కణాలు తమ పైనున్న గ్రాహకాలతో పట్టి లోపలికి లాక్కుంటాయి. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో లోపం ఉంటే పట్టుకునే శక్తి తగ్గి, కొలెస్ట్రాల్ పుట్టినప్పటి నుంచీ రక్తంలో పేరుకుంటూ ఉంటుంది. ఈ గ్రాహకాలను కనుగొన్నందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ వైద్యులకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బు అరుదైనది కాదు. సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. తిండి తగ్గించి దీన్ని పూర్తిగా అదుపులోకి తేవడం సాధ్యం కాదు. మీ ఆయన సన్నగా ఉండడం, అలవాట్లు లేకపోవడం చూసి ఇంట్లో అందరూ ధైర్యంగా ఉండి ఉంటారు. ఈ జబ్బు ఇన్ని కుటుంబాలను మోసం చేసేది అలాగే.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం ఉంటుంది. మీ పిల్లలు ఒకే అండం నుంచి వచ్చిన సమరూప కవలలై ఉంటే ఇద్దరికీ ఉండేది, లేదా ఇద్దరికీ ఉండేది కాదు. ఒకరి పరీక్షతో రెండో అమ్మాయి సంగతి చాలావరకు తెలిసేది. పోలికలు వేరని మీరు రాశారు కాబట్టి వారు రెండు అండాల నుంచి వచ్చిన కవలలు అయి ఉంటారు. అటువంటి కవలలు జన్యువుల విషయంలో మామూలు అక్కచెల్లెళ్ళతో సమానం. ఇద్దరికీ లోపం రావడానికి నాలుగింట ఒక వంతు, ఇద్దరికీ రాకపోవడానికి నాలుగింట ఒక వంతు, ఒకరికి మాత్రమే రావడానికి సగం అవకాశం ఉంటుంది. ఒకరి రిపోర్టు మామూలుగా వచ్చిందని రెండో అమ్మాయిని వదిలేస్తే జరిగే నష్టం ఇక్కడే ఉంది.

మేనరికం సంగతి ఇంకా ముఖ్యమైనది. మీ ఆయనకు ఈ లోపం ఆయన తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది. అదే లోపం ఆయన అక్క అయిన మీ అమ్మగారికి ఉండే అవకాశం సగం, ఆమె ద్వారా మీకు వచ్చి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మీకు కూడా ఉన్నట్టయితే, ఒక్కో బిడ్డకు రెండు వైపుల నుంచీ లోపం రావడానికి నాలుగింట ఒక అవకాశం ఏర్పడుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చినవారిలో ఎల్‌డీఎల్ 400 దాటి కూడా ఉంటుంది. మోచేతులు, మోకాళ్ళు, మడమల వెనుక పసుపుపచ్చని గడ్డలు చిన్నతనంలోనే కనిపిస్తాయి. చికిత్స అందకపోతే ఇరవై ఏళ్ళు నిండకుండానే గుండెపోటు రావచ్చు. పిల్లలకు అటువంటి గడ్డలు ఉన్నాయేమో చూడండి, కాని లేవని మాత్రం పరీక్ష మానకండి.

ఇంట్లో ఇటువంటి చరిత్ర ఉన్నప్పుడు రెండేళ్ళు నిండిన పిల్లలకు కూడా ఈ పరీక్ష చేయవచ్చు. మీ పిల్లల ఎల్‌డీఎల్ 160 దాటితే జబ్బు ఉన్నట్టే భావించి పిల్లల వైద్యుడి దగ్గరకు గాని, గుండె వైద్యుడి దగ్గరకు గాని తీసుకువెళ్ళాలి. ఎనిమిది నుంచి పదేళ్ళ వయసులో కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టడం ఈ జబ్బులో అంగీకరించిన పద్ధతే; పిల్లలు కదా అని భయపడి వాయిదా వేయవద్దు. బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, విశాఖపట్నం కేజీహెచ్‌కు గాని వెళ్ళేటప్పుడు మీ ఆయన పాత రిపోర్టు తప్పకుండా తీసుకువెళ్ళండి, ఆ 238 అంకె పిల్లల వైద్యానికి చాలా విలువైనది. మీ ఆయన అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్ళకూ, వారి పిల్లలకూ కూడా ఈ కబురు మీరే చేరవేయాలి. మేనరికం చేసుకున్నందుకు మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

ప్రశ్న: నేను కళాశాల అధ్యాపకుడిని. కవలల అధ్యయనాలను బట్టి ఎల్‌డీఎల్‌లో వారసత్వం వాటా సుమారు 60 శాతమని చదివాను. నా ఎల్‌డీఎల్ 150. అందులో 90 జన్యువులదీ, 60 తిండిదీ అనుకోవచ్చా? అలాగైతే పథ్యం చేసి ఏం లాభం?
— ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: అలా అనుకోకూడదు. ఆ 60 శాతం మీ ఒక్కరి 150ని పంచి పెట్టేది కాదు. ఒక సమూహంలోని మనుషుల మధ్య ఎల్‌డీఎల్‌లో కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాల వల్ల వచ్చిందో చెప్పే అంకె అది. రేపటి నుంచి బరంపురంలో అందరూ ఒకే తిండి తిని, ఒకే పని చేసి, ఒకే వేళకు నిద్రపోతే, మిగిలే తేడాలన్నీ జన్యువులవే అవుతాయి కాబట్టి ఆ శాతం వందకు దగ్గరగా పెరుగుతుంది. ఎవరి జన్యువులూ మారకపోయినా ఇలా జరుగుతుంది. అందుకే స్వీడన్ అంకెను తెచ్చి ఒడిశా మీద ఉన్నదున్నట్టుగా మోపకూడదు. ఆ స్వీడన్ అధ్యయనంలోనే వేర్వేరు కొవ్వులకు ఈ వాటా 28 నుంచి 78 శాతం దాకా వచ్చింది, పైగా ట్రైగ్లిజరైడ్ల విషయంలో వయసు పైబడినవారిలో తగ్గింది.

లెక్క ఎలా కడతారో మీరు సులభంగానే గ్రహించగలరు. సమరూప కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే, రెండు అండాల కవలలవి సగటున సగం ఒకటి. ఇద్దరి కొలెస్ట్రాల్ ఎంత దగ్గరగా ఉందో చెప్పే సహసంబంధం మొదటి రకంలో 0.7, రెండో రకంలో 0.4 వచ్చిందని ఉదాహరణకు అనుకుందాం. తేడా 0.3, దాన్ని రెట్టింపు చేస్తే 0.6, అదే వారసత్వం వాటా. 0.7లో మిగిలిన 0.1 ఉమ్మడి ఇంటి ప్రభావం. ఒకటికి తక్కువైన 0.3 ఒక్కొక్కరి సొంత జీవితమూ, కొలతలో దొర్లే పొరపాట్లూ. ఈ లెక్కకు ఆధారమైన ఒక ఊహ ఉంది: రెండు రకాల కవలలూ ఇంట్లో సమానంగానే పెరుగుతారని. అచ్చంగా ఒకేలా ఉండే పిల్లలకు ఒకే బట్టలు తొడిగి, ఒకే పళ్ళెంలో తినిపించే ఇళ్ళలో ఈ ఊహ కొంత సడలుతుంది. విడిగా పెరిగిన కవలల మీద జరిగిన అధ్యయనాలకు అంత విలువ ఉన్నది అందుకే.

పథ్యం వల్ల లాభమేమిటన్న మీ ప్రశ్నకు జవాబు కూడా కవలలే ఇచ్చారు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు 22 జతల సమరూప కవలలను తీసుకుని, ప్రతి జతలోనూ ఒకరికి పూర్తి శాకాహారం, పాలు, పెరుగు కూడా లేనిది, మరొకరికి మాంసం కలిసిన మంచి ఆహారం ఎనిమిది వారాలపాటు ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల్లో శాకాహారుల ఎల్‌డీఎల్, తోడబుట్టినవారితో పోలిస్తే సగటున దాదాపు 14 మిల్లీగ్రాములు ఎక్కువగా తగ్గింది. జన్యువులు అచ్చంగా ఒకటే అయినా అంకె కదిలింది. వారసత్వం వాటా ఎక్కువ కావడమూ, మార్చడానికి వీలుకాకపోవడమూ ఒకటి కావని ఇంతకంటే స్పష్టంగా చూపించలేము. మీ విషయంలో వంటనూనెతోనే మొదలుపెట్టవచ్చు: పామాయిల్‌లో సగం దాకా ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వే ఉంటుంది, మీ ఊళ్ళో విరివిగా వాడే ఆవనూనెలో అది చాలా తక్కువ.

దాదాపు పూర్తిగా వారసత్వం మీదే నడిచే కొవ్వు ఒకటి ఉంది. దాని పేరు లైపోప్రోటీన్-ఏ. తిండితోనూ, వ్యాయామంతోనూ అది పెద్దగా కదలదు. జీవితంలో ఒక్కసారి కొలిపించుకుంటే సాధారణంగా చాలు. రక్తంలోని కొవ్వులకు చేసే మామూలు పరీక్ష అయిన లిపిడ్ ప్రొఫైల్‌లో అది ఉండదు కాబట్టి విడిగా అడగాలి.

ప్రశ్న: మా అమ్మాయిలు కవలలు, ఒకేలా ఉంటారు. వయసు 24. పెద్దమ్మాయికి మొత్తం కొలెస్ట్రాల్ 196, చిన్నమ్మాయికి 122. చిన్నదానికి మలేరియా తగ్గి వారమే అయింది. చిన్నదానికి గుండె భయం లేనట్టేనా?
— ఒక తల్లి, రాయగడ జిల్లా

సమాధానం: ఆ 122ను లెక్కలోకి తీసుకోకండి. మలేరియా వంటి తీవ్రమైన జ్వరాల్లో మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ బాగా పడిపోతాయి. ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరుగుతాయి. జ్వరం దిగగానే అవి వెంటనే సర్దుకోవు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, తిండి, బరువు మామూలు స్థితికి వచ్చాక మళ్ళీ చేయించండి. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో వానాకాలం ముగిశాక జరిపే పరీక్షల్లో, ఈమధ్య జ్వరం వచ్చిందా అని ల్యాబులో అడగకపోయినా మీరే చెప్పాలి.

ప్రశ్న: నాకూ మా అక్కకూ 52 ఏళ్ళు. కవలలం, చూడడానికి ఒకటే. పుట్టినప్పుడు మాయలు రెండు ఉన్నాయని, అందుచేత మేము అసలైన కవలలం కామని అప్పటి మంత్రసాని చెప్పిందట. అక్క ఆరు నెలలుగా అటోర్వాస్టాటిన్ 10 వాడుతోంది, కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. పరీక్ష లేకుండా నేనూ అదే మాత్ర మొదలుపెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, జయపురం

సమాధానం: రెండు మాయలు ఉన్నంతమాత్రాన సమరూప కవలలు కారని చెప్పలేము. ఫలదీకరణ జరిగిన మొదటి మూడు రోజుల్లో అండం రెండుగా విడిపోతే సమరూప కవలలకు కూడా వేర్వేరు మాయలే ఏర్పడతాయి. వారిలో సుమారు పావు నుంచి మూడో వంతు మంది ఇలా పుట్టినవారే. కచ్చితంగా తేల్చేది డీఎన్‌ఏ పరీక్ష. మాత్ర వాడాలా వద్దా అన్నది నిర్ణయించడానికి మాత్రం ఆ పరీక్ష అక్కరలేదు.

పరీక్ష లేకుండా మాత్ర మొదలుపెట్టవద్దు. మీ అక్కగారికి ఆ మందు రాసిన వైద్యుడు ఆమె ఎల్‌డీఎల్ ఒక్కటే కాకుండా రక్తపోటు, చక్కెర, కాలేయం కూడా చూసి ఉంటారు. ఇవన్నీ మీలో వేరుగా ఉండవచ్చు. నెలసరి ఆగిన తరువాత ఎల్‌డీఎల్ పెరగడం సహజం, అయితే అక్కచెల్లెళ్ళిద్దరికీ అది ఒకే ఏడాదిలో ఆగి ఉండకపోవచ్చు. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగిన కొలెస్ట్రాల్ అయితే ముందుగా థైరాయిడ్‌కే మందు వాడాలి. ఒకవేళ మీ వైద్యుడు కూడా స్టాటినే రాస్తే, అక్కగారికి ఆ మాత్రతో కండరాల నొప్పులు వచ్చాయా అన్నది తప్పక చెప్పండి. కొన్ని స్టాటిన్లు శరీరంలో ఎంత మేరకు నిలుస్తాయన్నది కొంతవరకు జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి అక్కగారి అనుభవం మీకు ఏ మందు, ఎంత మోతాదు సరిపోతుందో ఎంచడంలో ఆయనకు పనికివస్తుంది. మాత్ర మొదలుపెట్టిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య లిపిడ్ ప్రొఫైల్ మళ్ళీ చేయించి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించండి.